ఇంటి మొక్కల పెంపకము – కొన్ని అపోహలు

గోదావరిఖని, రామగుండం ప్రాంతములలో సింగరేణి క్వార్టర్ల ముందును, చుట్టుపట్ల గ్రామములలోని ఇండ్ల అరుగులపైనను తులసి, మల్లె, కరివేపాకు, మనీప్లాంటు కుండీలు విరివిగా కనిపించును. ఎంత శ్రద్ధగా పెంచినను వీటిలో అనేకము ఒక్క వేసవి దాటకముందే చనిపోవుచున్నవి. వాడుకలోనున్న కొన్ని తప్పు అభిప్రాయములే ఇందుకు చాలవరకు కారణము.

ఆకు వాడినచో నీరు పోయవలెననుట: ఈ ప్రాంతమున వేసవిలో ఎండ 45 డిగ్రీల సెంటిగ్రేడు దాటు దినములు కలవు. అట్టి దినములలో మట్టి తడిగానున్నను మధ్యాహ్నము ఆకులు వాలును; సాయంత్రమునకు తిరిగి నిలబడును. అప్పుడు నీరు పోసినచో వేళ్లకు గాలి అందక కుళ్లును. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు గనుక ఆకు మరింత వాడును. అది చూచి ఇంకను నీరు పోయుదురు. కావున వ్రేలిని రెండు అంగుళముల లోతు మట్టిలో గుచ్చి చూడవలెను. పొడిగానున్నచో అడుగు రంధ్రము నుండి కారువరకు ఉదయము పోయవలెను. క్రింది పళ్లెములో నిలిచిన నీరు పారబోయవలెను. లేనిచో అందులో డెంగ్యూ దోమలు సుమారు పది దినములలో పెరిగి బయటకు వచ్చును.

బొగ్గు బూడిద మంచి ఎరువనుట: కట్టెల బూడిదలో పొటాషు, సున్నము ఉండును. ఆ అనుభవముతో కొందరు బొగ్గు బూడిదను గూడ కుండీలలో వేయుచున్నారు. ఇది వేరు పదార్థము. బొగ్గు బూడిదలో ఎక్కువ భాగము ఇసుకలోను, బంకమన్నులోను ఉండు సిలికా, అల్యూమినాలే. నత్రజని దాదాపు ఉండదు. మొక్కకందు పొటాషు స్వల్పము. బోరాను, ఆర్సెనిక్ వంటివి కొంత ఉండవచ్చును. కుండీలోని కొద్దిపాటి మట్టిలో వీని ప్రభావము త్వరగా కనిపించును. ఆకుకూరలు, తులసి పెంచు కుండీలలో దీనిని వాడరాదు. చెల్కమన్ను రెండు పాళ్లు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపిన మిశ్రమము చాలును.

కుండీ అడుగున రాళ్లు పోయుట: రాళ్లున్నచో నీరు త్వరగా దిగిపోవునని అనుకొందురు. కాని సన్నని మట్టి నుండి పెద్ద సందులు గల రాళ్లలోనికి నీరు సులభముగా దిగదు. పైమట్టి పూర్తిగా నానిన పిదపనే దిగును. ఆ మేరకు తడి వేళ్లకు మరింత దగ్గరగును. రంధ్రముపై ఒక పెంకు ముక్క పెట్టి, మిగిలినదంతయు మట్టితో నింపుట మేలు.

ఆకులకు నూనె రాయుట: బొగ్గు దుమ్ము పడి మాసిన ఆకులకు మెరుపు వచ్చుటకై కొబ్బరినూనె రాయుదురు. నూనెకు దుమ్ము మరింత అంటుకొనును; ఆకు రంధ్రములును మూసుకొనును. దుమ్ము కప్పిన ఆకుకు వెలుతురు అందక ఆహారము తయారగుట తగ్గును. వారమునకొకసారి తడిగుడ్డతో రెండువైపుల తుడిచినచో చాలును.

మొక్కలు గది గాలిని శుభ్రపరచుననుట: ఇది అన్నిటికంటె ప్రమాదకరమైన అపోహ. నాసా సంస్థ 1989లో ప్రకటించిన ప్రయోగములలో మొక్కలు కొన్ని రసాయనముల ఆవిరిని తగ్గించిన మాట నిజమే. అయితే అవి గాలి చొరని మూసిన పెట్టెలలో జరిగినవి. ఇట్టి ప్రయోగములన్నిటిని 2019లో పరిశీలించగా, మామూలుగా గదిలోనికి వచ్చిపోవు గాలి చేయు పనికి సరిపడవలెనన్న, ప్రతి చదరపు మీటరు నేలకు 10 నుండి 1,000 మొక్కలు కావలెనని తేలినది. చలికాలమున తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించు ఇంటిలో కార్బన్ మోనాక్సైడు వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. ఎన్ని మనీప్లాంటు తీగెలున్నను దానినాపజాలవు. కుంపటి ఆరుబయటనే ఉంచవలెను.

మనీప్లాంటు ఆకు నమిలినచో నోరు మండి వాచును గనుక దానిని పసిపిల్లలకు అందని ఎత్తున ఉంచవలెను.

గ్రామ పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు పంచాయతీ కార్యాలయములలోను, పాఠశాలలలోను గల కుండీలను ఈ విధముగా పెంచి చూపవచ్చును. కుంపటిని గూర్చిన హెచ్చరికను మాత్రము చలికాలము రాకముందే ప్రతి ఇంటికి అందజేయవలెను.