హ్యాకర్లకూ ఓ అంగడి.. మీరు పెడతారా?

మీది కంగ్టి. బీటెక్ ఆఖరి సంవత్సరమో, డిగ్రీ కంప్యూటర్సో చదువుతున్నారు. ఒకపక్క నోటిఫికేషన్ల కోసం చూస్తూనే, రాత్రిళ్లు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ముందేసుకుని ఎథికల్ హ్యాకింగ్ పాఠాలు వింటున్నారు. వెబ్‌సైట్లలో లోపాలు పట్టేవాళ్లను, ఆ లోపాలు సరిదిద్దుకోవాల్సిన వ్యాపారులను ఒకచోట కలిపితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే. కాకపోతే కొత్తది కాదు. దీన్ని బగ్ బౌంటీ ప్లాట్‌ఫామ్ అంటారు. హ్యాకర్‌వన్, బగ్‌క్రౌడ్ 2012 నుంచీ ఈ పనిలోనే ఉన్నాయి. పాత ఆలోచన అని దిగులు పడక్కర్లేదు. ముందు నడిచినవాళ్ల దారి చూసుకుని వెళ్లే వీలుంది.

మార్కెట్‌ప్లేస్ అంటే మన మాటలో అంగడి. పశువుల అంగడికి ఎప్పుడైనా పోయారా? కొనేవాళ్లుంటారని అమ్మేవాళ్లు వస్తారు, అమ్మేవాళ్లుంటారని కొనేవాళ్లు వస్తారు. మొదటి రెండు వారాలు ఎవ్వరూ రాకపోతే ఆ అంగడి ఇక లేనట్టే. మధ్యలో దళారి ఉంటాడు. తువ్వాల కింద వేళ్లు పట్టి ధర తేలుస్తాడు, ఎద్దు పళ్లు చూసి వయసు చెప్తాడు. అతనికి కమీషన్ ఇచ్చేది ఇద్దరినీ పరిచయం చేసినందుకు మాత్రమే కాదు. ఎద్దు మంచిదేనని, పైసలు మునగవని అతని మాట మీద నమ్మకం. మీ స్టార్టప్ అమ్మాల్సింది కూడా ఆ నమ్మకాన్నే. యాప్ తర్వాత సంగతి.

ముందు ఎవరిని పిలవాలి?

ఇలాంటి వ్యాపారాల్లో అసలు చిక్కు ఇదే. దీనికి మనవాళ్ల ఉదాహరణే ఉంది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు ఫణీంద్ర సామకు. అప్పట్లో ప్రయాణికుడు ఏజెంటును అడగాలి, ఏజెంటు ఒక్కో ఆపరేటర్‌కు ఫోన్ చేయాలి. ఎవరి దగ్గర ఎన్ని సీట్లున్నాయో ఎవరికీ తెలియదు. ఇద్దరు మిత్రులతో కలిసి ఆయన ముందు చేసింది ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్. వాళ్లు ఆసక్తి చూపలేదు. అప్పుడు దారి మార్చి సీట్లు తామే అమ్మడం మొదలుపెట్టారు. అలా 2006లో వచ్చింది రెడ్‌బస్. 2013లో ఐబిబో గ్రూప్ దాన్ని కొనుక్కుంది. 2018లో ఆయన తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్ అయ్యారు. ఇందులో మీరు గమనించాల్సింది అమ్మకం ధర కాదు. ‘మా సాఫ్ట్‌వేర్ వాడండి’ అంటే ముఖం తిప్పుకున్నవాళ్లు, ‘మీ ఖాళీ సీట్లు అమ్మిపెడతాం’ అంటే విన్నారు.

హ్యాకర్‌వన్ వాళ్లు మరోలా మొదలుపెట్టారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఇద్దరు కుర్రాళ్లు 2011లో వంద పెద్ద టెక్ కంపెనీల జాబితా రాసుకుని, వాటిలో లోపాలు వెతికి, ఆ కంపెనీలకే చెప్పారు. ఫేస్‌బుక్‌లో ఆ సమాచారం అందుకున్న భద్రతా విభాగం అధికారి అలెక్స్ రైస్ తర్వాత వాళ్లతోనే కలిసి కంపెనీ పెట్టారు. వినడానికి సినిమాలా ఉంది కదా! కానీ ఇది మీరు చేయకూడదు. అనుమతి లేకుండా ఎవరి సిస్టమ్‌లోకైనా చొరబడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ‘మంచికే చేశా సార్’ అన్న మాటను స్టేషన్‌లో ఎంతవరకు వింటారో చెప్పలేం. కేసు నమోదైతే ప్రభుత్వ ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ చిక్కుల్లో పడతాయి. ఇంటి దగ్గర మీ మీద ఆశ పెట్టుకున్నవాళ్లున్నారు. సంతకం చేసిన అనుమతి పత్రం లేకుండా కీబోర్డు ముట్టొద్దు. ఏ వెబ్‌సైట్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏమేం పరీక్షించొచ్చు, ఏవి ముట్టుకోకూడదు అన్నీ అందులో ఉండాలి.

మొదటి కస్టమర్ ఎవరు?

ప్రభుత్వ కార్యాలయాల జోలికి ఇప్పుడే పోకండి. వాటి ఆడిట్లు సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన సంస్థలే చేస్తాయి. బ్యాంకులూ అంతే, కొత్తవాళ్లను నమ్మవు. నారాయణఖేడ్, జహీరాబాద్, సంగారెడ్డి వైపు చూడండి. ఆన్‌లైన్‌లో రిపోర్టులిచ్చే డయాగ్నస్టిక్ సెంటర్లు, ఫీజులు ఆన్‌లైన్‌లో కట్టించుకునే ప్రైవేటు కాలేజీలు ఉంటాయి. వీటిలో ఒక్క రకాన్నే పట్టుకోండి. అందరికీ అన్నీ చేస్తామంటే ఎవ్వరూ గుర్తుపెట్టుకోరు.

వెళ్లగానే వినిపించే మాట ముందే చెబుతున్నా: ‘మా దాంట్ల ఏముందని హ్యాక్ చేస్తరు తమ్మీ?’ దీనికి జవాబుగా హ్యాకర్ల కథలు చెప్పి భయపెట్టకండి. లింకులో రిపోర్టు నంబరు ఒక్క అంకె మారిస్తే పక్క పేషెంట్ రిపోర్టు తెరుచుకునే లోపం వెబ్‌సైట్లలో చాలా మామూలు. మీరు సొంతంగా తయారుచేసిన డెమో సైట్‌లో అది చూపించండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, డేటాకు తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చని కూడా చెప్పండి. చిన్న ల్యాబ్‌కు అంత వేస్తారని కాదు, బాధ్యత ఎవరిదో తేలుతుంది.

రెండోవైపు, లోపాలు పట్టేవాళ్లు దొరకడం తేలిక. మంచివాళ్లు దొరకడమే కష్టం. కర్ల్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌ను నడిపే డానియల్ స్టెన్‌బర్గ్, ఏఐతో రాయించిన ఉత్తుత్తి బగ్ రిపోర్టులతో విసిగిపోయామని 2025లో బహిరంగంగానే చెప్పారు. కాబట్టి వెయ్యి మంది పేర్లు రిజిస్టర్ చేశామని గొప్పగా చెప్పుకోకండి. పదిమంది చాలు. ప్రతి రిపోర్టును కస్టమర్ చూడకముందే మీరు చదివి, లోపం నిజమో కాదో తేల్చాలి. దళారి ఎద్దు పళ్లు చూడటం అంటే ఇదే.

పిచ్‌లో అడిగేవి

స్లైడ్లు అందంగా ఉంటే సంతోషమే. పెట్టుబడి పెట్టేవాళ్లు మాత్రం లెక్కలడుగుతారు. ఉదాహరణకు ఒక పరీక్షకు 30,000 తీసుకుంటారు, అందులో మీ వాటా 20 శాతం అనుకుందాం. అంటే 6,000. ఇద్దరు ఫౌండర్ల నెల ఖర్చు 60,000 అయితే నెలకు పది పరీక్షలు జరగాలి. ఒక్కో కస్టమర్ ఏడాదికి రెండుసార్లు చేయించుకుంటే, మీకు అరవై మంది కస్టమర్లు కావాలి. అది కూడా ఖర్చులకే, లాభం సంగతి తర్వాత. అరవై మంది ఎక్కడ దొరుకుతారో పేర్లతో సహా చెప్పగలరా? చెప్పగలిగితే ‘భారత సైబర్ సెక్యూరిటీ మార్కెట్ ఇన్ని వేల కోట్లు’ అన్న స్లైడ్ తీసేయండి. అది అందరి దగ్గరా ఉంటుంది.

ఆ తర్వాతి ప్రశ్నకు చాలామంది తడబడతారు. ‘ఒకసారి మీరు పరిచయం చేశాక, కస్టమరూ టెస్టరూ నేరుగా మాట్లాడుకుంటే మీకేం మిగులుతుంది?’ ఒప్పందంలో రాసుకున్నామంటే సరిపోదు. పని అయ్యేదాకా డబ్బు మీ దగ్గర భద్రంగా ఉండటం, లోపం సరిదిద్దాక మళ్లీ పరీక్షించడం, గొడవొస్తే తీర్పు చెప్పడం.. ఇవి మీరిస్తే వాళ్లు మిమ్మల్ని దాటి పోరు. మొదటి కస్టమర్ రెండోసారి వచ్చాడన్న ఒక్క ముక్క చెప్పగలిగితే చాలు, ఎదుటివాళ్లు కాగితాలు పక్కన పెట్టి వింటారు. ఇంగ్లిష్ తడబడుతుందని భయపడకండి. అంకెలు తడబడకుండా చూసుకోండి.

ఎక్కడికి వెళ్లాలంటే, ఐఐటీ హైదరాబాద్ ఉన్నది మీ సంగారెడ్డి జిల్లాలోనే, కందిలో. అక్కడ ఐ-టిక్ ఇంక్యుబేటర్ ఉంది. రాయదుర్గంలో టీ-హబ్ ఉంది. సైబర్ రంగానికే ప్రత్యేకంగా రాష్ట్ర ప్రభుత్వం, డీఎస్‌సీఐ కలిసి పెట్టిన సెంటర్ ఆఫ్ ఎక్స్‌లెన్స్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. వీటిలో దేనికైనా దరఖాస్తు చేసే ముందు ఒక్క కస్టమర్ అయినా చేతిలో ఉండేలా చూసుకోండి.

మరి ఉద్యోగం? వదులుకోమని ఎవరూ అనట్లేదు. ఈ ఆర్నెల్ల పని చదువుకుంటూ, ప్లేస్‌మెంట్లకు సిద్ధమవుతూనే చేయొచ్చు. నేర్చుకోవడానికి పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితం. స్టార్టప్ నిలబడకపోయినా, మీరు రాసిన నాలుగు టెస్ట్ రిపోర్టులు సెక్యూరిటీ ఎనలిస్ట్ ఇంటర్వ్యూలో ఏ సర్టిఫికెట్‌కన్నా ఎక్కువ మాట్లాడతాయి. ఒక్కటి, వాటిలో కస్టమర్ పేరు, వెబ్‌సైట్ చిరునామా కొట్టేసి మరీ చూపించండి. అడిగేవాళ్లు ముందు గమనించేది దాన్నే.