మిత్రునితో ఓరుగల్లు యాత్ర

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. చారిత్రక కట్టడాల విషయంలో ఈ సామెత తరచు నిజమవుతూ ఉంటుంది. చార్మినార్ పక్కనే నిత్యం వ్యాపారం చేసుకొనే నగరవాసి ఒకనాడైనా తలయెత్తి దాని మీనారులను పరికించకపోవచ్చు. వేయిస్తంభాల గుడి మీదుగా ప్రతిదినం కళాశాలకు వెళ్లే విద్యార్థి దానిని నిర్మించిన రాజు పేరు చెప్పలేకపోవచ్చు. దూరప్రాంతం నుండి వచ్చిన మిత్రుడు “దీనిని ఎవరు కట్టించారు? ఎందుకు కట్టించారు?” అని అడిగినప్పుడు గాని తమకు తెలియనిది ఎంత ఉన్నదో స్థానికులకు బోధపడదు. కనుక మిత్రునికి ఊరు చూపించడం అతిథి మర్యాదతో ముగిసే పని కాదు. ఆతిథేయుడు తన ప్రాంతపు చరిత్రను తాను నేర్చుకొనే సందర్భం కూడా అదే.

ఇటువంటి యాత్రకు హైదరాబాదు, వరంగల్లు నగరాలు చక్కగా సరిపోతాయి. ఈ రెండు నగరాలను కలిపే రైలుమార్గానికి కూడా ఒక చరిత్ర ఉన్నది. బొంబాయి - మద్రాసు మార్గంలోని వాడి నుండి సికింద్రాబాదు వరకు 1874లో రైలు నడిచింది. ఆ మార్గాన్ని 1886లో వరంగల్లు వరకు, 1889లో బెజవాడ వరకు పొడిగించారు. అంతకుముందు ఎడ్లబండ్లపై రోజుల తరబడి సాగిన ప్రయాణం గంటలలోకి కుదించుకుపోయింది. ఈ దారిలో నడిచే బండ్లకు గోల్కొండ, శాతవాహన, కాకతీయ అనే పేర్లు ఉండడం గమనింపదగినది. మిత్రుడు ఆ పేర్లకు అర్థం అడిగితే చాలు, చరిత్ర పాఠం స్టేషనులోనే మొదలవుతుంది.

హైదరాబాదును ముందుగా చూసి, తరువాత వరంగల్లుకు వెళ్లడం మంచిది. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినార్‌ను కట్టించి కొత్త నగరానికి పునాది వేశాడు. అంతకు పూర్వం కుతుబ్ షాహీల రాజధాని గోలకొండ. ఆ కోట సింహద్వారం దగ్గర ఒక నియమిత స్థలంలో నిలిచి చప్పట్లు కొడితే, ఆ ధ్వని కొండపైన ఉన్న బాలా హిసార్ వరకు వినిపిస్తుంది. ఏ అతిథినైనా ఇది ఆశ్చర్యపరుస్తుంది. గోలకొండలో కుతుబ్ షాహీల కంటె ముందు బహమనీలు, వారికంటె ముందు కాకతీయులు ఉన్నారని చెప్పినప్పుడు అతని ఆసక్తి సహజంగానే ఓరుగల్లు వైపు మళ్లుతుంది.

సికింద్రాబాదు నుండి వరంగల్లు సుమారు 140 కిలోమీటర్లు. ఉదయపు బండి ఎక్కితే దారి పొడవునా చూడవలసినవి కనబడతాయి. నగరం దాటిన కొంతసేపటికి కిటికీలోనుండి ఒక మహా ఏకశిల కనిపిస్తుంది. అదే భువనగిరి కోట. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని పేరు మీదుగా దానికి త్రిభువనగిరి అనే పేరు వచ్చింది. ఆ తరువాత ఆలేరు వస్తుంది. ప్రసిద్ధ జైన క్షేత్రమైన కొలనుపాక దానికి సమీపంలోనే ఉన్నది. కాకతీయులు మొదట ఈ చాళుక్యులకే సామంతులు. ఓరుగల్లు చేరకముందే ఆ వంశపు పూర్వరంగం ప్రయాణికుని కన్నుల ముందు నిలుస్తుంది. రోడ్డు మీద వేగంగా సాగిపోయే కారులో ఇంత తీరికగా చెప్పుకొనే అవకాశం తక్కువ.

కాజీపేటలో గాని వరంగల్లులో గాని దిగి మొదట హనుమకొండలోని వేయిస్తంభాల గుడికి వెళ్లవచ్చు. కాకతి రుద్రదేవుడు దీనిని 1163లో నిర్మింపజేశాడు. ఇది త్రికూటాలయం. శివుడు, విష్ణువు, సూర్యుడు అనే ముగ్గురు దేవతలకు మూడు గర్భగృహాలు ఇందులో ఉన్నాయి. ఆలయానికి ఎదురుగా ఉన్న కల్యాణమండపం శిథిలావస్థకు చేరగా 2006లో దాని రాళ్లను విడదీసి పునర్నిర్మాణానికి పూనుకొన్నారు. ఆ మండపం తిరిగి ప్రజల దర్శనానికి వచ్చింది 2024లో. ఒక మండపాన్ని యథాతథంగా నిలబెట్టడానికి ఇంత కాలం పట్టిందంటే, ప్రాచీన శిల్పుల నైపుణ్యం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

అక్కడినుండి ఓరుగల్లు కోటకు చేరితే నాలుగు దిక్కులా నిలిచిన శిలాతోరణాలు అతిథికి స్వాగతం పలుకుతాయి. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రపు అధికార చిహ్నంలో చార్మినార్‌తో పాటు చోటు పొందినది ఈ తోరణమే. తోరణాల నడుమ ఉండిన స్వయంభూ శివాలయం మాత్రం నేడు శకలాలుగా మిగిలింది. గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు ఏలిన ఈ రాజధాని 1323లో ఢిల్లీ సైన్యాల వశమైంది. చుట్టూ ఉన్న రాతికోట, దానికి వెలుపల ఉన్న మట్టికోట ఆ నాటి రక్షణ వ్యవస్థకు సాక్ష్యాలు.

కోటలో నడుస్తున్నప్పుడు మిత్రుడు రుద్రమదేవిని గురించి తప్పక అడుగుతాడు. ఆమె మరణాన్ని గురించిన ఆధారం ఒక చిన్న శాసనంలో దొరికింది. నల్లగొండ జిల్లా చందుపట్లలో లభించిన 1289 నాటి శాసనం ఆమె అప్పటికే శివసాయుజ్యం పొందినట్లు తెలుపుతున్నది. ఆమె పాలన అటుపిమ్మట మరికొన్ని ఏండ్లు సాగిందని భావించిన చరిత్రకారులు ఈ శాసనం వెలుగుచూశాక తమ అభిప్రాయాన్ని మార్చుకోవలసి వచ్చింది. ఊరి చివర పడివున్న ఒక రాయి ఒక మహారాణి చరిత్రను సరిదిద్దింది. ఆ రాయిని ఎవరైనా పగులగొట్టి గోడకు పునాదిగా వేసి ఉంటే ఆ సత్యం శాశ్వతంగా మరుగున పడి ఉండేది.

ఈ సందర్భంలో మరొక విషయం గుర్తుంచుకోవాలి. ఒకప్పుడు ఈ నేలకు వచ్చిన పరదేశీయుల మాటలే నేడు చరిత్రకు ఆధారాలు. పదమూడవ శతాబ్దపు చివరలో మార్కోపోలో మోటుపల్లి రాజ్యాన్ని, దానిని న్యాయంగా పాలించిన రాణిని ప్రశంసించాడు. పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గోలకొండ వజ్రపు గనులను వర్ణించాడు. అతిథి తాను చూసినదానితోపాటు విన్నదానిని కూడా వెంట తీసుకొని వెళతాడు. కనుక అతనికి చెప్పే మాటలో నిజాయితీ ఉండాలి. కోట నుండి గుడికి సొరంగం ఉన్నదన్న వంటి కథలను కథలుగానే చెప్పాలి. శాసనం చెప్పినదానిని శాసనం చెప్పినట్లుగానే చెప్పాలి. తెలియని చోట ఊహించి చెప్పడం కంటె ఇద్దరూ కలిసి ఫలకం చదువుకోవడం ఉత్తమం.

వీలైతే రెండవ రోజును రామప్ప గుడికి కేటాయించాలి. ములుగు జిల్లా పాలంపేటలో ఉన్న ఈ ఆలయానికి రైలుమార్గం లేదు. వరంగల్లు నుండి రోడ్డు మీద వెళ్లాలి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దీనిని ప్రతిష్ఠించాడు. ఇసుక నింపిన పునాది, తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం, నల్లరాతి మదనికలు దీని ప్రత్యేకతలు. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఇంతటి సంపద గోడల మీద సందర్శకులు చెక్కిన పేర్లు కనిపించినప్పుడు అతిథి ముందు తల వంచుకోవలసి వస్తుంది. రక్షిత కట్టడానికి హాని చేసినవారికి రెండేండ్ల వరకు జైలుశిక్ష గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని చట్టం చెబుతున్నది. అయితే ప్రతి స్తంభం దగ్గర ఒక కాపలాదారును నిలపడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. ఆ స్తంభం ఎవరిదో, దాని మీద ఏమున్నదో తెలిసినవాడు దానిపై మేకుతో గీయలేడు. మిత్రుని వెంట నడిచి, అతడు అడిగిన ప్రతి ప్రశ్నకు జవాబు వెదికిన స్థానికుడు తనకు తెలియకుండానే ఆ కట్టడానికి కాపలాదారు అవుతాడు.