పళ్ళ వాఫిల్‌లో పండెంత?

అమెరికాలో బడికి వెళ్ళే పిల్లలు చాలామంది ప్రొద్దున్నే తినే ఫలహారం ఒకటున్నది. దాని పేరు వాఫిల్. అక్కడ కాపురముంటున్న మన తెలుగువారి ఇళ్ళలో కూడా, ఇడ్లీకి పప్పు నానబోసే తీరిక లేనప్పుడు, ఇదే పిల్లల పళ్ళెంలోకి వస్తుంది.

వాఫిల్ అంటే ఏమిటి? గోధుమపిండి, పాలు, గ్రుడ్లు, నూనె లేక వెన్న కలిపి జారుగా చేసి, రెండు ఇనుప పలకల నడుమ పోసి కాల్చిన అట్టు. ఆ పలకలకు గళ్ళుంటాయి. అందుచేత అట్టు నిండా గుంటలు పడి, చూడటానికి తేనెపట్టులాగా ఉంటుంది. యూరపులో ఇది ఎన్నో వందల ఏళ్ళ నాటి వంటకం. 1869లో అమెరికాలో కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ అనే ఆయన పొయ్యిమీద పెట్టే వాఫిల్ పెనానికి పేటెంటు పొందాడు. 1953లో కాలిఫోర్నియాకు చెందిన ఫ్రాంక్ డోర్సా, అతని సోదరులు, కాల్చి గడ్డకట్టించిన వాఫిళ్ళను పెట్టెలలో పెట్టి అమ్మసాగారు. అవే తరువాత ‘ఎగ్గో’ అనే పేరుతో ప్రసిద్ధికెక్కాయి. పెట్టె విప్పి, టోస్టరులో వేడి చేస్తే చాలు, ఫలహారం సిద్ధం.

ఈ వాఫిళ్ళలో పళ్ళ రకాలు కూడా ఉన్నాయి. పెట్టె ముందువైపున నీలిరంగు బ్లూబెర్రీలో, ఎర్రని స్ట్రాబెర్రీలో నిగనిగలాడుతూ ఉంటాయి. ఆ బొమ్మ చూసి తల్లి, “పోనీలే, మావాడు ఇలాగైనా పండు తింటున్నాడు,” అని తృప్తిపడుతుంది. ఆ తృప్తి ఎంతవరకు సబబు? ఈ సంగతి తేల్చుకోవాలంటే పెట్టెను వెనక్కు త్రిప్పాలి.

వెనకవైపున రెండు విషయాలుంటాయి. ఒకటి, వాడిన దినుసుల జాబితా. అమెరికాలోనూ, మన దేశంలోనూ కూడా, ఏది ఎక్కువ బరువు ఉన్నదో దానిని ముందు వ్రాయాలని చట్టం. పళ్ళ వాఫిళ్ళ పెట్టెమీద సాధారణంగా గోధుమపిండి, నీరు, నూనె, చక్కెర ముందుంటాయి. పండు పేరు చాలాసార్లు వాటి వెనకనే వస్తుంది. కొన్నిటిలో అసలు పండే ఉండదు! చక్కెర, నూనె, పిండి, రంగు కలిపి చేసిన పలుకులే పండు ముక్కల వేషం వేసుకుని కూర్చుంటాయి.

చక్కెరకు మారుపేర్లు కూడా ఉన్నాయి. డెక్‌స్ట్రోజు, ఫ్రక్టోజు, కార్న్ సిరప్ - ఇవన్నీ చక్కెర జాతివే. వీటిని విడివిడిగా వ్రాస్తే ఒక్కొక్కటి జాబితాలో వెనక్కు పోతుంది. అన్నిటినీ కలిపితే ఎంత ముందుకు వచ్చేదో మీరే ఊహించండి.

రెండవది, పోషకాల పట్టిక. ఇక్కడ మనకు లెక్కలు వచ్చి ఉండాలి. ఒక పెట్టెమీద ఇలా ఉన్నదనుకుందాం: రెండు వాఫిళ్ళకు పిండిపదార్థాలు 30 గ్రాములు (అందులో కలిపిన చక్కెర 8, పీచు 1), క్రొవ్వు 6 గ్రాములు, మాంసకృత్తులు 4 గ్రాములు, సోడియం 350 మిల్లిగ్రాములు.

వీటి నుండి ఎంత శక్తి వస్తుంది? ఒక గ్రాము పిండిపదార్థం నుండి 4 కేలరీలు, మాంసకృత్తుల నుండి 4, క్రొవ్వు నుండి 9 వస్తాయి. అమెరికా శాస్త్రజ్ఞుడు విల్బర్ ఆట్‌వాటర్, మనుష్యులను ఒక చిన్న గదిలో ఉంచి, వారి ఒంటినుండి వెలువడే వేడిని కొలిచి, ఈ లెక్కకు పునాది వేశాడు. 30ని 4తో హెచ్చిస్తే 120, 6ని 9తో హెచ్చిస్తే 54, 4ని 4తో హెచ్చిస్తే 16. మొత్తం 190 కేలరీలు. ఇంచుమించు రెండు లీటర్ల మంచుచల్లని నీటిని మరిగించగల వేడి అన్నమాట!

కాని ఆకలిగొన్న కుర్రవాడు రెండింటితో ఆగుతాడా? నాలుగు తింటాడు. అప్పుడు పట్టికలోని అంకెలన్నీ రెట్టింపు కావాలి. కలిపిన చక్కెర 16 గ్రాములు. చిన్న చెంచాకు 4 గ్రాముల చొప్పున నాలుగు చెంచాలు. వాఫిల్ గుంటలలో తియ్యని సిరప్ పోసుకోవడం అక్కడి అలవాటు. ఒక పెద్ద చెంచా మేపుల్ సిరప్‌లో సుమారు 12 గ్రాముల చక్కెర ఉంటుంది. రెండు చెంచాలు పోస్తే 24. వెరసి 40 గ్రాములు.

ఇది ఎక్కువా, తక్కువా? రోజంతా తినే శక్తిలో ఇటువంటి చక్కెర వాటా పదోవంతుకు మించరాదనీ, ఇరవయ్యోవంతుకు లోపైతే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 1,600 కేలరీలు కావలసిన పిల్లవానికి పదోవంతు 160 కేలరీలు, అంటే సరిగ్గా 40 గ్రాములు. రోజు మొత్తానికి సరిపడే చక్కెర బడిగంట కొట్టకముందే కడుపులోకి చేరిపోయింది!

ఇక ఉప్పు సంగతి. సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు బరువు వస్తుంది. నాలుగు వాఫిళ్ళలో 700 మిల్లిగ్రాముల సోడియం, అంటే 1.75 గ్రాముల ఉప్పుతో సమానం. తియ్యని అట్టులో ఇంత సోడియమా అంటారేమో! రుచికి వేసే ఉప్పే కాక, పిండి పొంగడానికి వేసే సోడాలో కూడా సోడియం ఉన్నది. రోజుకు 5 గ్రాముల ఉప్పు లోపే తినాలని పెద్దవారికే హద్దు పెట్టారు.

అయితే వాఫిల్‌ను పూర్తిగా తీసిపారేయకూడదు. గోధుమను మరపట్టి తవుడు, మొలక తీసివేసినప్పుడు కొన్ని విటమిన్లు పోతాయి. అమెరికాలో వాటిలో కొన్నిటిని, ఇనుమును తిరిగి పిండిలో కలుపుతారు. పుట్టబోయే శిశువుల వెన్నెముకకు లోపాలు రాకుండా 1998 నుండి ఫోలిక్ ఆమ్లం కూడా తప్పనిసరిగా కలుపుతున్నారు. ఆ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లే పరిశోధకులకు నాయకుడెవరో తెలుసునా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు!

తిరిగి పండు దగ్గరకు వద్దాం. వాఫిల్‌లో పడిన కాసిని పండ్ల వల్ల వచ్చే పీచు చాలా కొద్ది. C విటమిను కాల్చే వేడికి కొంత నశిస్తుంది. మన పెరటి జామపండు 100 గ్రాములు తింటే 5 గ్రాములకు తగ్గని పీచు, 200 మిల్లిగ్రాములకు పైగా C విటమిను లభిస్తాయి. వాఫిల్ తినదలచినవారు ఒకటో రెండో తిని, సిరప్‌కు బదులు అరటిపండు ముక్కలో, బొప్పాయి ముక్కలో వేసుకుని, ఒక గ్లాసు పాలు త్రాగితే ఆ ఫలహారం బాగా మెరుగుపడుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రాలలో, పొట్లాలమీది వివరాలు చదివి కొనమని కూడా చెప్పింది. దుకాణంలో ఆ పనిని పిల్లలకే అప్పగించండి. చదువూ వస్తుంది, లెక్కలూ వస్తాయి.

పిల్లలూ! ఈ నెల మీరు చేయవలసిన పని ఇది. ఇంట్లో ఉన్న బిస్కత్తు పొట్లమేదైనా తీసుకోండి. మన దేశంలో పట్టిక 100 గ్రాములకు వ్రాస్తారు గనుక, మీరు తినే బిస్కత్తుల బరువుకు తగినట్లు త్రైరాశికం వేయండి. వచ్చినంత చక్కెరను చెంచాతో కొలిచి ఒక పళ్ళెంలో పోసి, ఇంట్లో అందరికీ చూపండి. ఆ చక్కెరను డబ్బాలో తిరిగి పోయడం మాత్రం మరువకండి!