గ్రహశకలం, తోకచుక్క, ఉల్క.. ఏది ఏంటి? ‘భూమికి ముప్పు’ వార్త కనిపిస్తే ముందుగా చూడాల్సినవి ఇవే!

‘భూమివైపు దూసుకొస్తున్న భారీ గ్రహశకలం..’ ఫోన్‌లో ఇలాంటి థంబ్‌నెయిల్ ఎప్పుడో ఒకప్పుడు మీ కంట పడే ఉంటుంది. అది చూసి ఇంట్లో పిల్లలు నిజమేనా అని అడుగుతారు. పెద్దలు ‘ఏం కాదులే’ అనేస్తారు. ఎందుకు ఏం కాదో మాత్రం చెప్పలేరు. అసలు సౌరకుటుంబంలో ఏవేం ఉన్నాయి? వాటిలో ఏది మనకు ప్రమాదం? స్టూడెంట్స్‌కి పరీక్షల్లో కూడా పనికొచ్చే ఈ విషయాలను సింపుల్‌గా చూద్దాం.

నవగ్రహాలు వేరు.. సౌరకుటుంబంలో గ్రహాలు వేరు

గ్రహాలు ఎన్ని అంటే చాలామంది ఇప్పటికీ తడుముకోకుండా తొమ్మిది అంటారు. గుడిలో ప్రదక్షిణ చేసే నవగ్రహాల్లో సూర్యుడు, చంద్రుడు, రాహువు, కేతువు కూడా ఉంటారు. సైన్స్ లెక్కలో సూర్యుడు నక్షత్రం, చంద్రుడు భూమికి ఉపగ్రహం. రాహుకేతువులు వస్తువులే కావు. ఆకాశంలో సూర్యుడు వెళ్లే దారిని చంద్రుడి దారి దాటే రెండు బిందువులవి.

సైన్స్ ప్రకారం గ్రహాలు 8. బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు రాతి గ్రహాలు. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ పెద్ద గ్రహాలు. వీటిలో గురుడిదే హవా. మిగతా ఏడు గ్రహాలనూ కలిపి తూచినా గురుడి బరువులో సగం కూడా రాదు.

మరి ప్లూటో ఎందుకు పోయింది?

ప్లూటోను 1930లో కనుగొన్నారు. 76 ఏళ్ల పాటు అది తొమ్మిదో గ్రహం. 2005లో ఇంచుమించు అంతే సైజున్న ఎరిస్ దొరకడంతో చిక్కొచ్చింది. ప్లూటో గ్రహమైతే ఎరిస్ కూడా గ్రహమే కావాలి. రేపు ఇంకొకటి దొరికితే అదీ కావాలి. అందుకే 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సమావేశంలో గ్రహానికి మూడు షరతులు పెట్టారు. సూర్యుడి చుట్టూ తిరగాలి. సొంత గురుత్వాకర్షణతో గుండ్రంగా మారేంత బరువుండాలి. తన కక్ష్య పరిసరాల్ని తన గుప్పిట్లో పెట్టుకోవాలి. మొదటి రెండూ ప్లూటో పాసైంది, మూడోదాంట్లో ఫెయిలైంది. దాంతో మరుగుజ్జు గ్రహంగా మారింది. దాని వ్యాసం సుమారు 2,377 కి.మీ. మన చంద్రుడి కంటే చిన్నది.

ఇలా ‘డిమోట్’ అయింది ప్లూటో ఒక్కటే కాదు. 1801 జనవరి 1న పియాజీ కనుగొన్న సెరిస్‌ని కూడా చాలా ఏళ్లు గ్రహమనే అన్నారు. ఆ చుట్టుపక్కల అలాంటివే వరసగా దొరకడంతో దాన్నీ లిస్టు నుంచి తీసేశారు.

చిన్నవాటిలో ఏది ఏంటి?

గ్రహశకలం: రాయి, లోహంతో ఉండే చిన్న వస్తువు. ఎక్కువ భాగం అంగారకుడికి, గురుడికి మధ్య తిరుగుతుంటాయి. సినిమాల్లో చూపించినట్టు అక్కడ రాళ్లు ఒకదానికొకటి గుద్దుకుంటూ ఉండవు. వాటి మధ్య ఖాళీ లక్షల కిలోమీటర్లలో ఉంటుంది. అన్నీ కలిపి ముద్ద చేసినా బరువు చంద్రుడిలో 3 శాతమే.

తోకచుక్క: పేరులో చుక్క ఉన్నా నక్షత్రం కాదు. మంచు, దుమ్ము కలిసిన ముద్ద. సూర్యుడికి దగ్గరయ్యే కొద్దీ మంచు ఆవిరై తోకలా సాగుతుంది. 1986లో వచ్చిన హేలీ తోకచుక్క మళ్లీ 2061లో వస్తుంది. ఇప్పుడు స్కూల్లో ఉన్న పిల్లలు తమ మనవళ్లకు చూపించొచ్చు.

ఉల్క: రాత్రిపూట ‘చుక్క రాలింది’ అంటాం కదా, అదే ఇది. చాలావరకు ఇసుక రేణువంత, గులకరాయంత ముక్కలే గాలిలోకి విపరీతమైన వేగంతో దూసుకొచ్చి వెలుగుతాయి. పూర్తిగా మండిపోకుండా నేలకు చేరితే దాన్ని ఉల్కాశిల అంటారు.

‘ప్రమాదకర’ అన్నంత మాత్రాన ఢీకొడుతుందని కాదు

వైరల్ వీడియోల్లో తేడా కొట్టేది ఇక్కడే. 140 మీటర్లు, అంతకంటే పెద్దదైన గ్రహశకలం కక్ష్య భూమి కక్ష్యకు సుమారు 75 లక్షల కి.మీ. లోపు వస్తే చాలు.. శాస్త్రవేత్తలు దాన్ని ప్రమాదకరం కాగల జాబితాలో చేరుస్తారు. చంద్రుడు మనకు 3.84 లక్షల కి.మీ. దూరంలో ఉన్నాడు. అంటే చంద్రుడికి 19 రెట్ల దూరంలో పోయేది కూడా ఆ జాబితాలో ఉండొచ్చు. అది కన్నేసి ఉంచాల్సిన జాబితా మాత్రమే. ఢీకొట్టేవాటి లిస్టు కాదు.

3.1 శాతం ఎలా పెరిగింది? ఎలా పోయింది?

2024 డిసెంబర్ 27న ‘2024 వైఆర్4’ అనే గ్రహశకలం కనిపించింది. సైజు సుమారు 60 మీటర్లు. 2032 డిసెంబర్ 22న భూమిని ఢీకొట్టే అవకాశం మొదట 1 శాతం దాటింది. 2025 ఫిబ్రవరిలో 3.1 శాతానికి చేరింది. ఢీకొట్టే ఛాన్సున్న ప్రాంతాల్లో దక్షిణాసియా కూడా ఉండటంతో మన దగ్గరా టెన్షన్ మొదలైంది. కొద్దిరోజుల్లోనే ఆ అంకె దాదాపు సున్నాకి పడిపోయింది. దీంతో ‘ఏదో దాస్తున్నారు’ అనే వీడియోలు మొదలయ్యాయి.

నిజానికి దాచింది ఏమీ లేదు, ఇది సింపుల్ లెక్క. మొదట్లో దాని దారి కచ్చితంగా తెలియదు కాబట్టి, 2032లో అది ఉండగల చోటు ఒక వెడల్పాటి పట్టీలా వస్తుంది. ఆ పట్టీలో భూమి ఒక చుక్క. రోజూ గమనించే కొద్దీ పట్టీ సన్నబడుతుంది. భూమి ఇంకా పట్టీ లోపలే ఉంటే, పట్టీలో దాని వాటా పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే శాతం ఎక్కుతుంది. పట్టీ ఇంకా సన్నబడి భూమి బయట పడగానే ఒక్కసారిగా తగ్గిపోతుంది. అపోఫిస్ విషయంలోనూ ఇంతే. 2004లో 2.7 శాతం వరకు వెళ్లింది. కనీసం వందేళ్ల వరకు ముప్పు లేదని 2021లో తేల్చేశారు. అదే అపోఫిస్ 2029 ఏప్రిల్ 13న భూమికి సుమారు 32 వేల కి.మీ. దూరం నుంచి వెళ్తుంది. మన టీవీ సిగ్నల్స్ పంపే ఉపగ్రహాలు దాదాపు 36 వేల కి.మీ. ఎత్తులో ఉంటాయి. వాటికంటే దగ్గరగా వస్తుంది, అయినా ఢీకొట్టదు.

అయితే అసలు ముప్పే లేదా?

ఉంది. 6.6 కోట్ల ఏళ్ల క్రితం మెక్సికో ప్రాంతంలో సుమారు 10 కి.మీ. వెడల్పున్న గ్రహశకలం పడి డైనోసార్ల కథ ముగిసింది. మన దేశంలోనే, మహారాష్ట్రలోని లోనార్ సరస్సు అలాంటి ఢీతో పడిన గొయ్యి. వ్యాసం సుమారు 1.8 కి.మీ.

2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద ఆకాశంలో 20 మీటర్ల రాయి పేలింది. సూర్యుడి వైపు నుంచి రావడంతో ఎవరూ ముందే గుర్తించలేదు. దాదాపు 1,500 మంది గాయపడ్డారు. రాయి తగిలి కాదు, ఎక్కువమంది గాజు ముక్కలు గుచ్చుకుని. మెరుపు చూసి ఏమైందోనని కిటికీల దగ్గరికి పరుగెత్తారు. రెండు నిమిషాలు అటూఇటుగా పేలుడు తరంగం వచ్చి అద్దాలు పగలగొట్టింది. వెలుగు ముందు వస్తుంది, తరంగం తర్వాత వస్తుంది. ఫ్యాక్టరీ పేలుడైనా అంతే. పెద్ద మెరుపు కనిపిస్తే కిటికీకి దూరంగా జరగాలి, ఫోన్ తీసి వీడియో తీయడానికి నిలబడకూడదు.

ఊరటనిచ్చే విషయం కూడా ఉంది. 2022 సెప్టెంబర్ 26న నాసా డార్ట్ వ్యోమనౌక డైమార్ఫస్ అనే చిన్న గ్రహశకలాన్ని కావాలనే ఢీకొట్టింది. డిడిమోస్ అనే పెద్ద గ్రహశకలం చుట్టూ అది తిరిగే సమయం కనీసం 73 సెకన్లు మారితే సక్సెస్ అనుకున్నారు. మారింది ఏకంగా 32 నిమిషాలు. ముందుగా తెలిస్తే దారి మళ్లించొచ్చని తేలింది. అందుకే ముందుగా వెతకడం అంత ముఖ్యం.

వార్త కనిపిస్తే ఈ మూడూ చూడండి

సైజు ఎన్ని మీటర్లు? దూరం చంద్రుడికి లోపలా, బయటా? ఢీకొట్టే అవకాశం ఎంత శాతం, ఏ తేదీన? ఈ మూడూ చెప్పకుండా ‘భూమి అంతం’ అనే వీడియోని ఫార్వర్డ్ చేయకపోవడమే మంచిది. ఈసారి పిల్లలు అడిగితే ‘ఏం కాదులే’ అని వదిలేయకుండా, ఎందుకు ఏం కాదో కూడా చెప్పండి.