ఘాట్ ఎక్కించే క్రాస్

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్న జీపులో గేరు మార్చినప్పుడల్లా కింద ‘టక్’మంటే డ్రైవరుకి ముందు అనుమానం వచ్చేది యూజే (యూనివర్సల్ జాయింట్) క్రాస్ మీదే. గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కి బలాన్ని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టుకి రెండు కొసలా ఉండే కీలు అది. గేర్‌బాక్సు ఛాసిస్‌తోనే ఉంటుంది; యాక్సిలేమో గుంట వచ్చినప్పుడల్లా కమాన్ పట్టీల మీద పైకీ కిందికీ ఆడుతుంది. ఆ రెంటికీ పొత్తు కుదిర్చేది అరచేతిలో ఇమిడే ఈ ఇనుప శిలువే.

ఇది బండ్ల కోసం పుట్టలేదు. 1676లో రాబర్ట్ హుక్, సూర్యుణ్ణి చూసే పరికరాల మీద రాసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. అంతకు శతాబ్దం ముందువాడైన ఇటలీ పండితుడు కార్డానో పేరూ దీనికి అంటుకుంది. తొలినాళ్ల కార్లు చాలావరకు గొలుసులతో నడిచేవి, దుమ్మూ బురదా వాటిని తినేసేవి. అమెరికాలో కార్నెల్ విద్యార్థి క్లారెన్స్ స్పైసర్ 1903లో ఈ కీలుకి పేటెంటు సంపాదించి, మరుసటి ఏడాదే తయారీకి దిగాడు. విల్లీస్ యుద్ధపు జీపులు స్పైసర్ కీళ్ల మీదే నడిచాయి. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మహీంద్రా ఆ జీపుల్నే ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. మన్యంలో సంతలకి జనాన్నీ మూటల్నీ మోసిన కమాండర్ జీపులు ఆ వంశానివే.

కీలు వంగి తిరిగితే వేగం సమంగా అందదు. వంపు 30 డిగ్రీలుంటే, అవతలి కొస వేగం ఒక్కో చుట్టులో రెండేసిసార్లు 15 శాతం దాకా పెరిగి, 13 శాతం దాకా తగ్గుతుంది. రెండో క్రాస్ ఆ హెచ్చుతగ్గుల్ని సరిదిద్దుతుంది. అందుకు షాఫ్టు రెండు కొసల్లో క్రాస్‌ని పట్టుకునే యోకులూ ఒకే వరసలో ఉండి, వంపులు సమానంగా ఉండాలి. షాఫ్టు విప్పేముందు పెయింటుతో గీత గీసి పెట్టుకోమని పెద్ద మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

ఘాట్‌లో చిన్న గేరు మీద షాఫ్టుకి పడే మెలి ఎక్కువ. వానాకాలంలో నీళ్లు దూరితే గ్రీజు పాడవుతుంది. అప్పుడు క్రాస్ చేతులకి తొడిగిన బేరింగు కప్పుల చుట్టూ తుప్పు రంగు పొడి కనిపిస్తుంది. విప్పి చూస్తే, నున్నగా ఉండాల్సిన క్రాస్ చేతుల మీద సూది బేరింగులు నొక్కిన గాట్లు వేలికి తగులుతాయి. ఇక గ్రీజు కొట్టి లాభం లేదు, మార్చాల్సిందే.

వైసూ రెండు సాకెట్లూ ఉంటే ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. సర్‌క్లిప్పులు తీసి, చిన్న సాకెట్టుతో ఒకవైపు నొక్కితే అవతలి కప్పు పెద్ద సాకెట్టులోకి వస్తుంది. కొత్తది ఎక్కించేటప్పుడే ఓపిక కావాలి. ఒక్క సూది పక్కకి ఒరిగి కప్పు అడుగున పడినా సర్‌క్లిప్పు కూర్చోదు. అప్పుడు సుత్తికి పని చెప్పకండి. కప్పు తీసి, సూదుల్ని గ్రీజుతో అంటించి మళ్లీ పెట్టండి.

విల్లీస్ తరహా పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు పనిచేసేది చక్రాల మీద కాదు, షాఫ్టు మొదట్లో. షాఫ్టు ఊడదీశాక గేరూ ఆపదు, బ్రేకూ ఆపదు. మన ఊళ్లలో చదును నేల తక్కువ. పానా పట్టేముందే చక్రాలకి అటూఇటూ గట్టి అడ్డు పెట్టండి, ఆ తర్వాతే బండి కిందికి వెళ్లండి.