పాచికల లోకంలో సన్యాసి యోధుడు

కాగితం, పెన్సిలు, పాచికలతో నలుగురూ కూర్చుని కథ అల్లుకొనే ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు 1974లో అమెరికాలో దీనిని వెలువరించారు. మరుసటి ఏడాదే అందులో ప్రవేశించిన పాత్ర ‘మాంక్’, అనగా సన్యాసి యోధుడు. ఇతడు కవచం ధరించడు. ఒట్టి చేతులే ఆయుధాలు.

యోధుడనగానే కండబలానికి పెద్ద అంకె కేటాయించాలనిపిస్తుంది. కాని ఇతనికి కావలసినవి చురుకుదనం, వివేకం. 2024 నియమావళి ప్రకారం ఈ రెండూ 16 చొప్పున ఉంటే, ఒక్కొక్కటి 3 చేర్చగా, మూలాంకం 10తో కలిసి రక్షణాంకం 16 అవుతుంది. బరువైన ఇనుప గొలుసుల కవచం ఇచ్చేదీ అంతే! తరువాతి స్థానం దేహదారుఢ్యానిది.

అయితే ప్రాణాంకాలు 8తోనే మొదలవుతాయి. కత్తి పట్టిన యోధునికి 10. కనుక ముందువరుసలో నిలిచి దెబ్బలు కాచుకొనే పని ఇతనికి తగదు. రెండవ స్థాయిలో వేగం 10 అడుగులు పెరుగుతుంది. శత్రుపంక్తిని చుట్టివెళ్ళి వెనుకనున్న మాంత్రికుని తాకడానికే ఆ వేగం. అప్పుడు లభించే ఏకాగ్రతాంకాలు రెండే. ఒకటి వెచ్చిస్తే అదనంగా రెండు ముష్టిఘాతాలు. గంటసేపు విశ్రమిస్తే అవి తిరిగి వస్తాయి. తొలి పోరులోనే రెండూ ఖర్చుచేస్తే, ఆపదలో చిక్కిన సహచరుని ఆదుకొనే దారి మూసుకుపోతుంది.

కూడికలు వచ్చిన పిల్లలు సైతం ఆడదగిన ఆట ఇది. పొదుపు, సంయమనం వారు ఆడుతూనే అలవరచుకుంటారు.