ధోరణులు మారినా సొంత వెబ్ సేవ నిలిచేదెలా? డెలీషియస్, పిన్‌బోర్డ్‌ల అనుభవం ఏం చెబుతోంది?

ఇంటర్నెట్ రంగంలో కొన్నేళ్లకొకసారి ఒక కొత్త సాంకేతిక ధోరణి ముందుకు వస్తుంది. సొంతంగా వెబ్ సాఫ్ట్‌వేర్‌ను నిర్మించుకునే వారికి అప్పుడల్లా ఒకే సందేహం కలుగుతుంది: కొత్త ధోరణిని అందిపుచ్చుకోవాలా, తెలిసిన పద్ధతిలోనే పని పూర్తి చేయాలా? 2003 నుంచి 2017 వరకు సాగిన రెండు వెబ్ సేవల చరిత్ర ఈ సందేహానికి ఉపయోగపడే సమాధానం ఇస్తోంది. వాటిలో ఒకటి తన కాలపు ధోరణికి ప్రతీకగా పేరు పొందింది. రెండోది ధోరణులకు దూరంగా ఉండి, చివరకు మొదటిదాన్నే కొనుగోలు చేసింది.

టెక్స్ట్ ఫైల్ నుంచి వెబ్ సేవగా

అమెరికాలోని మోర్గాన్ స్టాన్లీ సంస్థలో పనిచేస్తున్న జాషువా షాక్టర్ తనకు నచ్చిన వెబ్ పేజీల చిరునామాలను ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసుకునేవారు. తర్వాత వెతుక్కోవడానికి వీలుగా వాటి పక్కన గుర్తు పదాలు చేర్చేవారు. ఉద్యోగం చేస్తూనే ఆయన ఆ అలవాటును 2003లో ‘డెలీషియస్’ అనే వెబ్ సేవగా మలిచారు.

అప్పటివరకు బుక్‌మార్కులు సాధారణంగా ఒక కంప్యూటర్‌లోని బ్రౌజర్‌కే పరిమితమై, ఫోల్డర్లలో ఉండేవి. గోంగూర పచ్చడి తయారీని వివరించే పేజీని ‘వంటలు’ ఫోల్డర్‌లో పెడితే ‘ఆంధ్ర’ ఫోల్డర్‌లో కనిపించదు. డెలీషియస్‌లో ఒకే పేజీకి ‘వంట’, ‘ఆంధ్ర’, ‘పచ్చళ్లు’ అని ఎన్ని ట్యాగ్‌లైనా తగిలించవచ్చు. అదే ట్యాగ్ కింద ఇతరులు దాచుకున్న పేజీలనూ చూడవచ్చు. ఇలా వాడుకరులే చేసుకునే వర్గీకరణకు థామస్ వాండర్ వాల్ 2004లో ‘ఫోక్సోనమీ’ అని పేరు పెట్టారు. జనసామాన్యాన్ని సూచించే ‘ఫోక్’, వర్గీకరణ శాస్త్రాన్ని సూచించే ‘టాక్సానమీ’ కలిసి ఏర్పడిన మాట ఇది.

యాహూ చేతికి డెలీషియస్

2004 అక్టోబరులో జరిగిన సదస్సుతో ‘వెబ్ 2.0’ అనే మాట విస్తృత ప్రచారంలోకి వచ్చింది. వాడుకరులే విషయాన్ని అందించే సేవలకు గిరాకీ పెరిగింది. యాహూ సంస్థ 2005 మార్చిలో ఫొటోల సేవ ఫ్లికర్‌ను, అదే ఏడాది డిసెంబరులో డెలీషియస్‌ను కొనుగోలు చేసింది. 2008లో షాక్టర్ యాహూను వీడారు.

2010 డిసెంబరులో యాహూ అంతర్గత సమావేశానికి చెందిన ఒక స్లైడ్ బయటపడింది. స్వస్తి పలకనున్న సేవల్లో డెలీషియస్ పేరు అందులో ఉంది. సేవను మూసివేయడం లేదని, వేరొకరికి అప్పగించే ప్రయత్నంలో ఉన్నామని సంస్థ వివరణ ఇచ్చినా, ఏళ్ల తరబడి లింకులు దాచుకున్న వారిలో ఆందోళన తగ్గలేదు. 2011 ఏప్రిల్‌లో యూట్యూబ్ వ్యవస్థాపకుల్లో ఇద్దరైన చాడ్ హర్లీ, స్టీవ్ చెన్‌ల సంస్థ ఏవోస్ దాన్ని కొనుగోలు చేసింది. ఆ ఏడాది సెప్టెంబరులో సైట్‌ను కొత్తగా నిర్మించి విడుదల చేసినప్పుడు, అలవాటైన కొన్ని సౌకర్యాలు లేకపోవడంపై పాత వాడుకరుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. ఆ తరువాత కూడా డెలీషియస్ చేతులు మారుతూనే వచ్చింది.

పిన్‌బోర్డ్ ఎంచుకున్న దారి

2009 జులైలో మాచే సెగ్లోవ్‌స్కీ ‘పిన్‌బోర్డ్’ పేరుతో ఇదే తరహా సేవను ప్రారంభించారు. అందులో సాంకేతికంగా కొత్తదనం ఏమీ లేదు. అప్పటికే బాగా నలిగిన మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, పీహెచ్‌పీ, పెర్ల్ భాషలపైనే దాన్ని నిర్మించారు. ఇలాంటి సాధనాల్లో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు ఎంతోమందికి ముందే తెలిసి ఉంటాయి. చాలా వరకు ఒక్క వ్యక్తే నడిపే సేవకు ఇది పెద్ద సౌలభ్యం.

ఆదాయం విషయంలోనూ ఆయన ఎదురుదారి పట్టారు. ఉచిత సేవలు వెల్లువెత్తిన రోజుల్లో చేరేటప్పుడే రుసుము వసూలు చేశారు. సభ్యుల సంఖ్యను 0.001 డాలరుతో గుణిస్తే వచ్చే మొత్తమే ఆ రుసుము. అంటే ప్రతి వెయ్యి మంది చేరికతో రుసుము ఒక డాలరు పెరిగేది. దీనివల్ల సర్వర్ల ఖర్చుకు తగిన రాబడి లభించింది. వాడుకరుల సంఖ్య కూడా అదుపులో ఉంది. 2015లో దీని స్థానంలో 11 డాలర్ల వార్షిక చందా వచ్చింది.

యాహూ స్లైడ్ వార్తతో డెలీషియస్ వాడుకరులు పెద్ద సంఖ్యలో పిన్‌బోర్డ్‌కు తరలివచ్చారు. చివరకు 2017 జూన్‌లో పిన్‌బోర్డ్ 35,000 డాలర్లకు డెలీషియస్‌ను కొనుగోలు చేసి, కొత్త లింకుల చేర్పును నిలిపివేసింది.

వలసను సాధ్యం చేసిన పాత ఫైల్

ఇంతమంది తమ లింకులను వెంట తీసుకుని ఎలా రాగలిగారు? 1990ల నాటి నెట్‌స్కేప్ బ్రౌజర్ నుంచి వచ్చిన బుక్‌మార్క్ ఫైల్ పద్ధతి ఇందుకు తోడ్పడింది. లింకులు, శీర్షికలు వరుసగా ఉండే సాదా హెచ్‌టీఎంఎల్ ఫైల్ ఇది. డెలీషియస్ నుంచి దాన్ని దించుకోవడానికి, పిన్‌బోర్డ్‌లోకి ఎక్కించడానికి వీలుండేది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లు నేటికీ బుక్‌మార్కులను ఇదే రూపంలో అందిస్తున్నాయి. నెట్‌స్కేప్ కనుమరుగైనా అది వాడిన ఫైల్ రూపం మిగిలింది.

ఏది త్వరగా మారుతుంది, ఏది నిలుస్తుంది?

వెబ్ సాఫ్ట్‌వేర్‌లో అన్ని పొరలూ ఒకే వేగంతో మారవు. తెరపై కనిపించే భాగాన్ని నిర్మించే సాధనాలు త్వరగా పాతబడతాయి. 2010లో విడుదలైన గూగుల్ యాంగ్యులర్‌జేఎస్ ఒక దశలో విస్తృతంగా వాడుకలో ఉండేది. 2021 డిసెంబరుతో దానికి అధికారిక మద్దతు ముగిసింది. దానిపై నిర్మించిన సైట్ల నిర్వాహకులు తిరిగి రాసుకోవడమో, మద్దతు లేని సాధనంతో సరిపెట్టుకోవడమో చేయాల్సి వచ్చింది. మరోవైపు, స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో రూపొందిన తొలినాటి వెబ్ పేజీ నేటి బ్రౌజర్లలోనూ తెరుచుకుంటుంది.

తెలుగు పాఠకులకు ఈ తేడా అనుభవంలో ఉన్నదే. 2000ల తొలినాళ్లలో పలు తెలుగు వార్తా సైట్లు తమ సొంత ఫాంట్లపై ఆధారపడేవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పేజీ తెరిస్తే అక్షరాల స్థానంలో అర్థంలేని గుర్తులు కనిపించేవి. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. ఆ ప్రమాణంలో నిల్వచేసిన పాఠ్యం ఫాంట్ మారినా, ఫోన్ మారినా చదవడానికి వీలుగానే ఉంటుంది.

కనుక కొత్త ధోరణిని తెరపై కనిపించే భాగంలో ప్రయత్నిస్తే నష్టం పరిమితం. అది విఫలమైతే ఆ భాగాన్ని మార్చుకోవచ్చు. వాడుకరుల సమాచారాన్ని దాచే పద్ధతి మాత్రం అందరూ వాడే బహిరంగ ప్రమాణాల్లో ఉండటం మేలు.

చిన్న సేవలకూ హద్దులున్నాయి

పిన్‌బోర్డ్ మార్గంలోనూ పరిమితులు లేకపోలేదు. ఒక్కరిపై ఆధారపడే సేవకు ఆ ఒక్కరి సమయం, ఆరోగ్యం, ఆసక్తే హద్దు. రుసుము పెట్టగానే ఎక్కువమంది వెనుదిరుగుతారు. అయితే 2016లో యూపీఐ రావడంతో భారత్‌లో చిన్న మొత్తాలను వసూలు చేయడం మునుపటికంటే సులువైంది. వేలమంది ఉచిత వాడుకరుల ఖర్చును సొంత జేబు నుంచి భరించే కంటే, కొద్దిమంది చందాదారులతో సేవను నడపడం ఇప్పుడు ఆలోచించదగిన మార్గమే.

వెబ్‌లో ఏదీ శాశ్వతం కాదనడానికి గణాంకాలూ ఉన్నాయి. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో వెల్లడించిన అధ్యయనం తెలిపింది. సొంత సేవను నిర్మించేవారు మొదటి రోజునే ఒక పరీక్ష చేసుకోవచ్చు. రేపు ఈ సేవ ఆగిపోతే, వాడుకరి తన సమాచారాన్నంతా మరోచోట తెరుచుకోగల ఒక ఫైల్‌గా దించుకోగలడా? ‘సమాచారం దించుకోండి’ అనే బటన్‌ను తయారుచేయడానికి సాధారణంగా ఎక్కువ సమయం పట్టదు. డెలీషియస్ వాడుకరులు ఏళ్ల తరబడి కూడబెట్టిన లింకులను కాపాడింది అలాంటి సౌకర్యమే.